కామెర్లు: కారణాన్వేషణ చరిత్రము

కామెర్లవానికి లోకమంతయు పచ్చగానే కనబడునని మనవారొక సామెత చెప్పుచుందురు. వైద్యులు దీనిని ఒప్పుకొనరు. కామెర్లు సోకినవానికి సాధారణముగా లోకము పచ్చబడదు. లోకుల కన్నులకు వాడు పచ్చబడి కనబడును. పొరపాటు చిన్నదే కాని అందులో పెద్ద పాఠమొకటి కలదు. రోగిని చూచి మనము అల్లుకొన్న మాటలకును, రోగి శరీరములో నిజముగా జరుగుచున్న పనికిని నడుమ ఎంత దూరము ఉండునో అది తెలుపుచున్నది. ఆ దూరమును దాటుటకు మానవజాతికి వేల యేండ్లు పట్టెను. ఆ ప్రయాణపు కథను మా చదువరులకు విన్నవింప దలచినాము. ఇది వైద్యులకు మాత్రమే చెందిన కథ కాదు. మన వంటయింటి నీటికుండకును, పురిటిగదికిని, పెండ్లిమాటలకును దీనితో సంబంధము కలదు.

మన చరకసంహిత ఈ వ్యాధిని పాండురోగముతోపాటు వర్ణించి, కామల యని పేరుపెట్టి, పిత్తప్రకోపమే దీనికి మూలమని చెప్పినది. గ్రీకుదేశమున హిప్పొక్రటీసు పేర వెలసిన గ్రంథములును కామెర్లను గూర్చి మాటలాడినవి. అచ్చటను అపరాధము పైత్యము మీదనే పడినది. పూర్వులను ఇందుకు తప్పుపట్టరాదు. వారికి కనబడినది పసుపువన్నె. ఆ వన్నె పైత్యరసమునందు కలదు. రక్తములోని ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు బ్రదికి నశించును. అవి నశించునప్పుడు పచ్చని పదార్థమొకటి పుట్టును. కాలేయము దానిని గ్రహించి పైత్యరసముతో ప్రేగులలోనికి పంపివేయును. కాలేయము వాచి నీరసించినచో ఆ పచ్చదనము రక్తమునందే నిలిచి కన్నులను, చర్మమును, మూత్రమును పట్టును. కావున కామెర్లు వ్యాధి కాదు, వ్యాధియొక్క గుర్తు. ఇల్లు కాలుచున్నదని తెలుపు పొగ వంటిది. పూర్వులు పొగను చూచిరి. నిప్పు పెట్టినవాడెవడో వారికి తెలియలేదు.

19వ శతాబ్దమున జర్మనుదేశపు మహావైద్యుడు రుడాల్ఫ్ విర్కో పైత్యనాళపు కొనయందు శ్లేష్మము అడ్డుపడుటచేత కామెర్లు కలుగునని తలచెను. పడిశము ముక్కును మూసినట్లే ప్రేగుపడిశము పైత్యపుదారిని మూయునని అనుకొనిరి. ఎంత గొప్పవాని మాట ఐనను తప్పు తప్పే. ఐతే గొప్పవాని తప్పునకు ఆయుస్సు ఎక్కువ. ఈ పడిశపు కామెర్ల సిద్ధాంతము చాలకాలము వైద్యగ్రంథములలో నిలిచెను.

దానిని కదలించిన సాక్ష్యము ఏ పండితుని మేడలోను దొరకలేదు. ఓడలు కట్టు కూలివారి నడుమ దొరికెను. 1883వ సంవత్సరమున బ్రెమెన్ నగరపు ఓడల కర్మాగారమున 1289 మంది పనివారికి మశూచికము రాకుండ టీకాలు వేసిరి. ఆ టీకారసము మనుష్యుల పొక్కులనుండి తీసినది. వారములు, నెలలు గడచిన పిమ్మట వారిలో 191 మందికి కామెర్లు వచ్చెను. అదే ఆవరణములో పనిచేయుచు వేరొక టీకారసము పొందినవారికి రాలేదు. టీకా వేయించుకొనక క్రొత్తగా పనిలో చేరినవారికిని రాలేదు. లూర్మన్ అను వైద్యుడు ఈ లెక్కలను ఓపికతో కూర్చి 1885లో ప్రకటించెను. అందరు త్రాగిన నీరు ఒకటే, పీల్చిన గాలి ఒకటే. భేదించినది టీకారసమొక్కటే. ఒక మనుష్యుని రక్తములోనుండి మరియొకని రక్తములోనికి కానరానిదేదో ప్రాకినదని ఆ లెక్క చెప్పుచున్నది. చెప్పినను వినువారు తక్కువైరి.

వినకపోవుటకు వెల చెల్లింపక తప్పలేదు. 1942లో అమెరికా సైనికులకు యెల్లో ఫీవరు రాకుండ టీకాలు వేసిరి. ఆ టీకా చెడకుండుటకై అందులో మనుష్యరక్తపు సీరము కలిపిరి. సీరమునిచ్చిన వారిలో ఎవనికో ఉన్న అంటు టీకాలోనికి ప్రవేశించెను. సుమారు 50 వేలమంది సైనికులు కాలేయపు వాపుతో ఆసుపత్రుల పాలైరి. సీరము లేకుండ టీకాను తయారుచేసినంతనే ఆ ఉపద్రవము ఆగిపోయెను. నలువది యేండ్లకు మించి గడచిన తరువాత, నాటి సైనికులలో బ్రదికియున్న కొందరి రక్తమును పరీక్షించి, ఫలితమును 1987లో ప్రకటించిరి. అంటినది నేడు మనము బి అని పిలుచు వైరసు అనియు, అది సుమారు 3 లక్షల 30 వేలమందికి సోకియుండవచ్చుననియు తేలెను. ప్రాణము కాపాడుటకు ఎత్తిన సూదియే ప్రాణమునకు ముప్పు తెచ్చినది. ఇది టీకా తప్పు కాదు. పరుల రక్తము నిర్దోషమని పరీక్షింపకయే నమ్ముట తప్పు.

ఈలోగా మరియొక సంగతి స్పష్టమగుచుండెను. కొన్ని కామెర్లు నీటివలనను అన్నమువలనను వ్యాపించి, మూడు నాలుగు వారములలో బయటపడుచుండెను. మరికొన్ని సూదివలనను రక్తమువలనను వ్యాపించి, బయటపడుటకు నెలలు పట్టుచుండెను. 1947లో ఇంగ్లండు వైద్యుడు మెక్‌కల్లమ్ మొదటిదానికి ఎ అనియు, రెండవదానికి బి అనియు పేర్లుంచెను. పేర్లు కుదిరినవి గాని ఆ పేర్లు గలవారిని ఎవరును చూడలేదు.

ఈ కథలో తలవంచుకొని చదువవలసిన పుట ఒకటి కలదు. దానిని విడిచిపెట్టుట న్యాయము కాదు. న్యూయార్కు నగరమున స్టేటన్ ద్వీపమందు విల్లోబ్రూక్ అను ప్రభుత్వశాల ఉండెను. బుద్ధివికాసము లేని పిల్లలను అచ్చట ఉంచుచుండిరి. శాల కిక్కిరిసి, శుభ్రత లేక, కాలేయపు వాపు నిత్యము తాండవమాడుచుండెను. 1956 మొదలుకొని సాల్ క్రుగ్‌మన్ అను వైద్యుడును అతని సహచరులును అచ్చటి పిల్లలకు బుద్ధిపూర్వకముగా ఈ అంటు నిచ్చి పరిశీలించిరి. పిల్లలకు ఎటులైనను ఆ శాలలో అది సోకునని వారి సమాధానము. తల్లిదండ్రుల సమ్మతి పొందితిమనియు చెప్పిరి. ఆ పరిశోధనవలన జ్ఞానము కలిగినమాట నిజము. కామెర్లు రెండు రకములని 1967లో రూఢియైనది. మరిగించిన సీరము రెండవ రకమునుండి కొంత రక్ష నిచ్చునని 1971లో తెలిసినది. కాని ఇల్లు మురికిగా నున్నచో ఇల్లు కడుగవలెను. మురికిలో ఎటులైనను జబ్బు పడుదురు గదా యని పిల్లలకు జబ్బు నంటించుట ఏ ధర్మము? నోరు లేనివారి శరీరములమీద సంపాదించిన జ్ఞానమును మనము వాడుకొనుచున్నాము. వాడుకొనునపుడెల్ల ఆ ఋణమును స్మరించుట మన విధి.

బి వైరసు జాడ దొరికిన విధము విచిత్రము. దానిని కనుగొన్నవాడు దానిని వెదకనేలేదు. అమెరికా వైద్యుడు బరూక్ బ్లుంబర్గ్ వివిధ జాతుల రక్తములలో పుట్టుకతో వచ్చు భేదములను పరిశీలించుచుండెను. పలుమారు పరుల రక్తమెక్కించుకొన్న రోగుల సీరమునందు, ఆ పరాయి రక్తమునకు ఎదురు తిరుగు పదార్థములుండునని అతని ఊహ. 1963లో న్యూయార్కునందలి ఒక హెమోఫీలియా రోగి సీరమును పలుదేశముల సీరములతో కలిపి చూచుచుండగా, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరముతో మాత్రము అది కలిసి చిన్నగీత యేర్పడెను. ఆ క్రొత్త పదార్థమునకు ఆస్ట్రేలియా ఆంటిజెను అని పేరు పెట్టి 1965లో ప్రకటించిరి. అది పుట్టుకతో వచ్చు లక్షణమని మొదట అనుకొనిరి. కాని 1966లో ఒక యువకుని రక్తమున తొలిపరీక్షలో కనబడని ఆ పదార్థము మలిపరీక్షలో కనబడెను. పుట్టుకతో వచ్చునది నడుమ ఎట్లు వచ్చును? పరీక్షింపగా ఆ యువకుని కాలేయము వాచియున్నది. తరువాత అతని ప్రయోగశాలలో పనిచేయు స్త్రీకి కాలేయపు వాపు రాగా ఆమె రక్తమునను అదే గుర్తు పొడసూపెను. 1968లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ ప్రిన్సును, జపానులో కజువో ఒకోచియు ఆ గుర్తునకును కాలేయపు వాపునకును గల సంబంధమును దృఢపరచిరి. 1970లో లండనునందు డేన్ అను శాస్త్రజ్ఞుడు ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ వైరసు కణమునే చూచెను. బ్లుంబర్గునకు 1976లో నోబెల్ బహుమానము లభించెను. తన ఊహ తప్పని తోచినపుడు దానిని పట్టుకొని వ్రేలాడక విడిచిపెట్టుటయే అతని గొప్పతనమని మా అభిప్రాయము.

ఈ వైరసు మిక్కిలి కపటి. పెద్దవారికి సోకినచో నూటికి 95 మంది దానిని వదలించుకొందురు. పురిటిలో తల్లినుండి బిడ్డకు సోకినచో నూటికి 90 మంది బిడ్డలలో అది జీవితాంతము కాపురముండును. ఏ బాధయు తెలియదు, కన్నులు పచ్చబడవు. ముప్పది నలువది యేండ్లకు కాలేయము గట్టిపడును, లేదా పుండు పుట్టును. తైవాను ద్వీపమున బీస్లీ అను వైద్యుడు 22,707 మంది ప్రభుత్వోద్యోగులను కొన్ని సంవత్సరములు గమనించి 1981లో వ్రాసిన లెక్క ప్రకారము, ఈ వైరసు కలవారికి కాలేయపు కాన్సరు వచ్చుట లేనివారికంటె 223 రెట్లు అధికము. ఆ ద్వీపమునందే 1984లో శిశువులకు టీకా వేయ నారంభించిరి. తరువాతి సంవత్సరములలో బాలురకు వచ్చు కాలేయపు కాన్సరు దాదాపు సగమునకు తగ్గినదని 1997లో ప్రకటించిరి. టీకావలన ఒక కాన్సరు తగ్గుట లోకము మొదటిసారి చూచెను.

ఆ టీకా కథలో మన తెలుగువారికి భాగము కలదు. మొదటి టీకా 1981లో అమెరికాలో అనుమతి పొందెను. అది రోగుల రక్తమునుండియే తీసినది. 1986లో ఈస్టుకణముల సాయమున రక్తముతో పనిలేకుండ చేయు టీకా వచ్చెను. కాని దాని వెల సామాన్య గృహస్థునకు అందనిది. హైదరాబాదునందు వరప్రసాదరెడ్డిగారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఈ టీకాను మనదేశమునందే తయారుచేసి విడుదల చేసెను. వెల మిక్కిలి తగ్గెను. 2011 నాటికి భారతప్రభుత్వము దేశమంతట శిశువుల టీకాలలో దీనిని చేర్చెను. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల తొలి టీకా పడవలెను. పురుడు చూచువారు, ముత్తవ్వలు, మేనత్తలు ఈ మాటను మరువరాదు. పదునొకండవనాడు చేయు బారసాలకంటె ముందు జరుగవలసిన శుభకార్యమిది.

ఎ వైరసును 1973లో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ అను మువ్వురు రోగుల మలమునందు కనుగొనిరి. ఎ, బి రెండింటికిని పరీక్షలు దొరికినవి గావున ఇక రక్తమెక్కించుట నిరపాయమగునని అందరు తలచిరి. ఐనను రక్తమెక్కించుకొన్నవారిలో కొందరికి కాలేయము వాచుచునే యుండెను. హార్వే ఆల్టర్ అను అమెరికా వైద్యుడు ఆ రోగులను వెన్నాడి, ఇది ఎ కాదు, బి కాదు, మూడవదని చూపెను. ఆ మూడవదానికై పదునాలుగు పదునైదేండ్లు వెదకిరి. 1989లో మైకేల్ హౌటన్, క్వీ-లిమ్ చూ, జార్జి క్వో, డేనియల్ బ్రాడ్లీ కలిసి దానిని పట్టుకొనిరి. వైరసును కన్నులతో చూడక, దాని వంశపత్రపు తునుకలను లక్షలకొలది జల్లించి, వానిలో ఒక్కదానిని పట్టుటచేత ఇది సాధ్యమయ్యెను. 1997లో చార్లెస్ రైసు ఆ వైరసొక్కటే రోగమును కలిగించునని రుజువుచేసెను. ఆల్టర్, హౌటన్, రైసులకు 2020లో నోబెల్ బహుమానము వచ్చెను. అంతకుముందు 2013లో కెనడాలోని ఒక గొప్ప బహుమానమును, తన సహచరులకు భాగమీయలేదని హౌటన్ నిరాకరించెను. నేడు ఈ సి-వైరసునకు టీకా లేదు, మందు కలదు. రెండు మూడు నెలలు మాత్రలు మ్రింగినచో నూటికి 95 మందికి పైగా పూర్తిగా స్వస్థులగుచున్నారు. ఇటలీదేశపు రిజెట్టో 1977లో కనుగొన్న డి-వైరసు బి-వైరసు తోడు లేనిదే బ్రదుకలేనిది. బి-టీకాయే దానికిని రక్ష.

ఇక మన ఢిల్లీకథ. 1955వ సంవత్సరపు కడపట యమునానది వరద తీసి, ప్రవాహము త్రోవ మార్చుకొనగా, మురుగుకాలువ నీరు నగరమునకు త్రాగునీరు తోడుచోటికి ఎదురెక్కెను. అధికారులు క్లోరిను పెంచిరి. విషజ్వరము ప్రబలలేదు, సూక్ష్మజీవులు చచ్చినవని సంతసించిరి. నెల తిరిగినపిదప నగరమంతట కామెర్లు. 1956 జనవరి వరకు సుమారు 29,300 మందికి కన్నులు పచ్చబడెను. గర్భిణులలో మరణములు మిక్కుటమయ్యెను. ఇది ఎ-వైరసని యందరు నమ్మిరి. నాటి రోగుల సీరమును భద్రపరచినవారికి మనము నమస్కరింపవలెను. 1980లో దానిని పరీక్షింపగా అది ఎ కాదని తెలిసెను. 1978లో కాశ్మీరమునందు పుట్టిన అట్టి ఉపద్రవమును డాక్టరు ఖురూ పరిశీలించి, ఇది వేరొక క్రొత్త వ్యాధియని 1980లో ప్రకటించెను. 1983లో మాస్కోయందలి బలయాన్ అను శాస్త్రజ్ఞుడు రోగుల మలమునుండి తీసిన ద్రవమును తానే త్రాగి, జబ్బుపడి, తన మలమునందే ఆ వైరసు కణములను చూపెను. విల్లోబ్రూక్ పిల్లలను తలచుకొన్నవారికి ఈ సాహసము వేరుగా కనబడును. ఇతరులకు పెట్టదలచిన పరీక్షను ఇతడు తనకు పెట్టుకొనెను. అదియే ఇ-వైరసు. ఆరోగ్యవంతులను అది సాధారణముగా కొన్ని వారములలో విడుచును. కడపటి మూడు నెలల గర్భిణులలో మాత్రము నూటికి 20, 25 మంది వరకు చనిపోవుదురు. మురుగుకాలువ చేసిన తప్పునకు శిక్ష అనుభవించునది తల్లి.

ఇన్ని తెలిసినపిదప మన పసరుమందుల మాట యేమి? మన పల్లెలలో కామెర్లకు ముక్కున పసరు పిండుట, కంట కలికము పెట్టుట, చేతికి వాత వేయుట కలదు. మందు పేరు చెప్పినచో పనిచేయదని దాచుటయు కలదు. ఎందరికో నయమైనదందురు. నయమైనమాట నిజమే. ఎ, ఇ రకములు చాలమందికి వాటంతట అవియే తగ్గును. తగ్గుదినమునకు ముందుదినమున ఎవరు పసరు పోసిరో వారికి కీర్తి వచ్చును. అట్లని మూలికలన్నిటిని నవ్వి త్రోసివేయుటయు తగదు. మద్రాసు విశ్వవిద్యాలయపు త్యాగరాజన్ గారును, బ్లుంబర్గును కలిసి నేల ఉసిరికను బి-వైరసు కలవారికిచ్చి 1988లో ఫలితము ప్రకటించిరి. మందు పుచ్చుకొన్న 37 మందిలో 22 మందికి వైరసు గుర్తు పోయెననియు, ఉత్తపొడి పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కనికే పోయెననియు వ్రాసిరి. లోకము ఆశపడెను. కాని తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలితము కనబడలేదు. ఆశ కూలినది గాని పద్ధతి నిలిచినది. దాచినమందును పరీక్షింపలేము, బయటపెట్టినమందును పరీక్షించి, మంచిదైన గ్రహింపవచ్చును, కాదైన విడువవచ్చును. వాతలను మాత్రము ఏ పరీక్షయు లేకుండనే మానవలెను. మండుచున్న కాలేయమునకు కాలిన చర్మము చికిత్స కాదు.

చదువరులు ఇంటిలో చేయదగిన పనులు కొన్ని కలవు. నీరు కలుషితమని అనుమానమున్నచో తెర్లకాచి త్రాగవలెను. నీరు తేటగా నున్నదని నమ్మరాదు. సూదిమందు వేయించుకొనునపుడు, అది మన యెదుట క్రొత్తగా విప్పిన సూదియేనా యని అడుగవలెను. అడుగుట అమర్యాద కాదు. గుజరాతు రాష్ట్రపు మోడాసా ప్రాంతమున 2009లో వాడినసూదులే మరల వాడుటచేత వందలమందికి బి-వైరసు సోకెను. మాత్రతో పోవు జబ్బునకు సూదిని కోరుట మనవారి వ్యసనము, దానిని వదలుకొనవలెను. గర్భిణికి ఒకమారు రక్తపరీక్ష, బిడ్డకు తొలిదినమున టీకా తప్పనిసరి. 2018 జూలై 28వ తేదీన ప్రభుత్వము ఆరంభించిన జాతీయ కార్యక్రమమున ఈ పరీక్షలును మందులును ఉచితముగా లభించును. ఆ తేదీ బ్లుంబర్గు పుట్టినదినము.

కడపట ఒక మాట. 2022 నాటి ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము లోకమున 25 కోట్ల 40 లక్షలమందికి బి-వైరసును, 5 కోట్లమందికి సి-వైరసును కలవు. వారిలో పెక్కురకు తమకు అది కలదని తెలియదు. తెలిసినవారును చెప్పుకొన జంకుదురు. చెప్పినచో కంచము వేరుచేయుదుము, పెండ్లి తప్పించుదుము, ఉద్యోగమున అనుమానించుదుము. కలిసి భుజించుటచేత బి, సి వైరసులు అంటవు. పెండ్లికుమార్తెకు బి-వైరసు కలదని తెలిసినచో పెండ్లికుమారునికి టీకా వేయించిన చాలును. తల్లిపాలలో దోషము లేదు. బిడ్డకు టీకా పడినచో తల్లి నిశ్చింతగా పాలీయవచ్చును. అపరాధము ఎన్నడును రోగిది కాదు. అది సూదిది, నీటిది, పరీక్షింపని రక్తముది, పట్టించుకొనని అధికారిది. వేల యేండ్లు కామెర్లవాని కన్నులను చూచి మనము తీర్పులు చెప్పితిమి. ఇకనైనను మన కన్నులను కడుగుకొని వానిని చూతముగాక.